అవుట్ తీయడం

మహేంద్రా హిల్స్ విహారంలో
ఆదివారం బోధ విని దిగివస్తుంటే
మారేడుపల్లి మలుపులో
వెనక చక్రం నడుము తప్పింది.
తిరిగిన ప్రతిసారీ అదే చోట
బ్రేకు రబ్బరును రాసుకుంటూ
కిస్సు, కిస్సు,
నన్నే ఏదో అడుగుతున్నట్టు.

భంతేజీ పొద్దున్నే చెప్పారు:
దుఃఖమంటే ఏడుపొక్కటే కాదట,
ఇరుసు సరిగా కూచోని బండి అట,
బెజ్జంలోనే వంకర.
నోటుబుక్కులో రాసుకున్నాను,
కింద గీత కూడా గీశాను.
చక్రం చదవలేదు నా నోటుబుక్కు.

చిలకలగూడ దాకా నడిపించుకొచ్చాను.
దర్గయ్య కొట్టు అంటే కొట్టేం కాదు,
రైల్వే క్వార్టర్ల ప్రహరీకి ఆనించిన రెండు రేకులు,
ఒక గాలిపంపు, తొట్టిలో నల్లటి నీళ్ళు,
హార్లిక్స్ సీసా నిండా ఛర్రాలు.

గాలి కూడా తగ్గిందని ముందు ట్యూబు ముంచాడు.
బుడగలు.
"గీడనే ఉన్నది సార్."
ఇక అతికిస్తాడనుకున్నా.
టైరు లోపల వేళ్ళతో తడిమి, తడిమి,
చీమంత ఇనప రజను తీసి
నా అరచేతిలో పెట్టాడు.
"ఇది తియ్యకుంట అతికిస్తె
రేపు మల్ల నా తానికే వస్తరు.
నాకేంది, గిరాకి" అని నవ్వాడు.

సైకిల్ని తలకిందులు చేసి చక్రం తిప్పాడు.
సుద్దముక్క అంచుకి ఆనీ ఆననట్టు పట్టుకున్నాడు.
వంకర ఎక్కడుందో
చక్రమే తన మీద గీసుకుంది.

ఒక్కో ఊచనీ గోటితో మీటాడు.
కీచుమన్నదాన్ని వదిలాడు.
మొద్దుగా పలికినదాన్ని పావు తిప్పు బిగించాడు.
"ఒక్కటి గుంజితె సరిపోదు సార్,
దాని ఎదురుదాన్ని జర ఇడువాలె."
ఈ మాట నాకు తెలుసు.
వీణ తీగల పేరు చెప్పి విన్నాను,
ఫ్యాను కింద, చాప మీద.
బోధలో చక్రానికి ఎనిమిదే ఊచలు.
దర్గయ్య నలభై మీటాడు,
మళ్ళీ మొదటిదానికొచ్చాడు.

"మా తమ్ముడిది ఈ సైకిలు" అన్నాను
ఎవరూ అడక్కుండానే.
"ఎరుకే. ప్రభంజన్ సార్‌ది.
మీరొచ్చినంక హ్యాండిల్ మార్చినం.
చైను, సీటు, రెండు రిమ్ములు.
నిరుడు ఫ్రేమిరిగితె అదీ ఇంకోటేసినం.
ఇంగ ఆ సార్‌ది ఏమున్నది దీంట్ల?"

వెక్కిరింపు కాదు.
నిజంగానే వంగి చూస్తున్నాడు
గొట్టాల వెంట, పెడళ్ళ సందున.
నేనూ వంగాను.
ఐదేళ్ళుగా రోజూ పొద్దున గుడ్డపెట్టి
తుడుస్తున్నది మరి ఎవర్ని?

"బెల్లు" అన్నాను చివరికి.

గాంధీ ఆస్పత్రిలో, ఆఖరి వారం,
మాట పడిపోయాక,
నర్సుని పిలవాలంటే వాడు
దుప్పటి మీద బొటనవేలు కదిపేవాడు,
ట్రింగ్‌మన్నట్టు.
నాకు తప్ప ఎవరికీ వినపడేది కాదు.

"స్ప్రింగ్ పోయింది, మోగదు గద,
కొత్తది యాభై రూపాలు."
స్క్రూ డ్రైవరు అప్పటికే వాడి చేతిలో ఉంది.
ఏది పట్టుకుంటే అదే కాలుస్తుందని
నేనే చెప్పగలను ఎవరికైనా,
పాళీ మాటలతో సహా.

"ఉండనీ దర్గయ్యా. ఈసారికి."

ఏమీ అనలేదు.
ఊడిపోయేలా ఉన్న బెల్లు స్క్రూ
పావు తిప్పు బిగించాడు,
అంతే.

"అవుట్ మళ్ళీ రాదుగా?"
"తిరిగేదే గద సార్," చేతులు గుడ్డకి తుడుచుకుంటూ,
"గుంతలున్నై, బరువున్నది. అస్తది.
అచ్చినప్పుడు మల్ల తీద్దాం."

పద్మారావునగర్ దాకా
చక్రం నన్నేమీ అడగలేదు.
ఇనప రజను ఇంకా జేబులోనే ఉందని
ఇంటికెళ్ళి చొక్కా విప్పేటప్పుడు
వేలికి గుచ్చుకుంటే గుర్తొచ్చింది.